నల్లకోటు లోపలి మనస్సు – న్యాయవాదుల మానసిక ఆరోగ్యానికి ఆయుర్వేద మార్గం

కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాలలో పల్లె మనిషికి కష్టం వస్తే తొక్కే గడపలు రెండు. ఒంటికి వస్తే వైద్యునిది, ఆస్తికి వస్తే వకీలుది. ఈ రెండవ గడప లోపల కూర్చున్న మనిషికే కష్టం వచ్చినప్పుడు అతడు తొక్కవలసిన గడప ఏది? పదిమందికి ధైర్యం చెప్పే వృత్తిలో ఉన్నవాడు తన అధైర్యాన్ని ఎవరి ముందు విప్పగలడు? ఈ ప్రశ్న గురించి మన సమాజం ఆలోచించినది తక్కువ. న్యాయవాది అనగానే మనకు కనిపించేది నల్లకోటు, తెల్లని మెడపట్టీ, గంభీరమైన కంఠస్వరం. ఆ కోటు లోపల దడదడలాడే గుండె, తెల్లవారుజామున మూడు గంటలకే తెరుచుకునే కన్నులు ఎవరికీ కనబడవు.

ఇది మన ప్రాంతానికే పరిమితమైన విషయం కాదు. 2016లో అమెరికాలో సుమారు 13 వేల మంది న్యాయవాదులను పరిశీలించి ప్రకటించిన అధ్యయనంలో నూటికి 21 మందిలో మద్యం వాడుక హానికరమైన స్థాయిలో ఉన్నట్లు, 28 మందిలో మానసిక కుంగుబాటు లక్షణాలు, 19 మందిలో ఆందోళన లక్షణాలు ఉన్నట్లు తేలినది. 2021లో అంతర్జాతీయ న్యాయవాదుల సంఘం ప్రకటించిన నివేదికలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి మానసిక స్వాస్థ్య కొలమానం ప్రకారం న్యాయవాదుల సగటు నూటికి 51 మాత్రమే వచ్చినది. 52 కంటె తగ్గితే మనస్సును పరీక్ష చేయించుకోవలెనని ఆ కొలమానం చెబుతుంది. అనగా ఎవరో కొందరు బలహీనులకు వచ్చిన జబ్బు కాదిది. వృత్తి స్వభావంలోనే దీనికి బీజం ఉన్నది. నిదానం, అనగా రోగకారణం, తెలిస్తే చికిత్స సగం జరిగినట్లే.

వృత్తిలోనే ఉన్న కారణాలు

చరకాచార్యుడు అతిచింత రసవహ స్రోతస్సులను దూషిస్తుందని చెప్పినాడు. రసధాతువు శరీరానికి మొదటి పోషణ. అది చెడితే ఆకలి మందగించడం, ముఖం వాడిపోవడం, ఒళ్ళు బరువెక్కడం, దేనిమీదా శ్రద్ధ లేకపోవడం కనిపిస్తాయి. న్యాయవాదికి చింత అనేది వృత్తిధర్మం వంటిది. ఇతరుల చింతను ఫీజు తీసుకొని తన తలకెత్తుకోవడమే ఆయన పని.

మన ప్రాంతపు కోర్టులలో నడిచే వ్యాజ్యాలను చూడండి. అన్నదమ్ముల భాగ పరిష్కారాలు, గట్టు తగాదాలు, ప్రోనోటు దావాలు, చెక్కు బౌన్సు కేసులు, మనోవర్తి కేసులు, అప్పుడప్పుడు పాత కక్షలతో ముడిపడిన హత్య కేసులు. పత్తి ధర పడిపోయినా, ఉల్లి కుళ్ళిపోయినా, మగ్గం ఆగిపోయినా దాని వెనుకనే అప్పుల దావా వస్తుంది. కక్షిదారు తెలుగులోనో, కన్నడంలోనో, ఉర్దూలోనో ఏడుస్తూ చెప్పిన కథను విని, దానిని ఇంగ్లీషులో అర్జీగా మార్చి, సెక్షన్ల క్రింద అమర్చవలెను. ఆ కథలోని దుఃఖం మాత్రం అర్జీలోకి పోదు. అది విన్నవాని మనస్సులోనే మిగిలిపోతుంది. కక్షిదారు రహస్యాన్ని కాపాడుట చట్టరీత్యా కూడా విధి గనుక, ఇంటికి వచ్చి భార్యతో గాని, భర్తతో గాని చెప్పుకొనుటకు వీలులేదు.

ఇక వాయిదాలు. కోతలైన తరువాత ఈ పల్లెల జనం సుగ్గికని గుంటూరు మిరప తోటలకు తరలిపోతారు. సాక్షి అక్కడ, కేసు ఇక్కడ. వాయిదా పడుతుంది. పడిన ప్రతి వాయిదాకూ కక్షిదారు నిష్ఠురం న్యాయవాదికే తగులుతుంది. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడు" అని మన పెద్దల మాట. ఈ ఇద్దరి ఏడ్పునూ వినేవాడు ఒకడున్నాడని ఆ సామెత చెప్పలేదు.

పిన్నలది ఒక బాధ, పెద్దలది మరొకటి. పట్టా పుచ్చుకొని కొత్తగా కోటు తొడిగిన జూనియరుకు మొదటి కొన్ని సంవత్సరాలు చేతికి వచ్చేది బస్సు చార్జీలకే చాలదు. ఊరిలో మాత్రం "లాయరు" అన్న పేరు వచ్చేస్తుంది. పేరుకూ జేబుకూ మధ్యనున్న ఈ అగాధంలోనే అనేకుల ఆత్మవిశ్వాసం జారిపోతుంది. జూనియర్లకు నెలకు పట్టణాలలో 20 వేలు, గ్రామీణ ప్రాంతాలలో 15 వేల రూపాయలకు తగ్గకుండా భృతి ఇవ్వవలెనని 2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిల్ సూచించినది. అది సూచన మాత్రమే. ఆదేశం కాదు.

అరవై దాటిన సీనియర్ల మాటకు వస్తే, 2024 జులై 1 నుండి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చినవి. నలభై ఏండ్లు నాలుక చివర నిలిచిన 302 ఇప్పుడు 103 అయినది, 420 పోయి 318 అయినది. "అయ్యా, నాకు మతిమరుపు వస్తున్నదేమో, పరీక్షించండి" అని నా వద్దకు వచ్చిన పెద్ద న్యాయవాదులు ఉన్నారు. వారికి మతిమరుపు లేదు. పాత స్మృతి బలంగా ఉండుటచేత కొత్తది దాని ప్రక్కన కూర్చొనుటకు కాలం పడుతున్నది, అంతే.

ఆపకూడనివి ఆపుట, ఆపవలసినవి విడుచుట

మేము గురువుల వద్ద చరకసంహిత చదివేటప్పుడు సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయాన్ని, అనగా "నవేగాన్ ధారణీయం" అనే అధ్యాయాన్ని, కంఠస్థం చేయనిదే ముందుకు పోనిచ్చేవారు కాదు. అందులో వేగాలు రెండు విధాలుగా చెప్పబడినవి. మొదటివి శరీర వేగాలు. అవి 13. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవల్ల కలిగే ఆయాసం. వీటిని బలవంతంగా ఆపకూడదు. రెండవవి మనోవేగాలు. లోభం, శోకం, భయం, క్రోధం, గర్వం, సిగ్గు విడుచుట, ఈర్ష్య మొదలైనవి. వీటిని తప్పక ఆపవలెను.

ఇప్పుడు ఒక న్యాయవాది దినాన్ని ఈ రెండు పట్టికల ప్రక్కన పెట్టి చూడండి. కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియదు గనుక మూత్రం ఆపుతాడు. వాదన మధ్యలో దప్పిక ఆపుతాడు. మధ్యాహ్నం కక్షిదారులు చుట్టుముట్టగా ఆకలి ఆపుతాడు. రాత్రి కేసు కట్టలు విప్పి నిద్ర ఆపుతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి సాక్ష్యం చెబుతుండగా వచ్చిన కన్నీటిని ఆపుతాడు. ఆపకూడని వాటిని ఈ విధంగా ఆపి ఆపి, ఆపవలసిన క్రోధాన్ని మాత్రం సాయంత్రం ఇంటికి వచ్చి పిల్లల మీద, గుమస్తా మీద విడుస్తాడు. శాస్త్రం చెప్పినదానికి సరిగా తలక్రిందులు. నాలుగు దశాబ్దాల నా వైద్య జీవితంలో ఏ ఇతర వృత్తిలోను ఇంత స్పష్టంగా ఈ వైపరీత్యాన్ని నేను చూడలేదు.

స్త్రీ న్యాయవాదుల విషయంలో ఇది మరింత కఠినం. కొన్ని సంవత్సరాల క్రితం ఒక యువ న్యాయవాది తరచు తలనొప్పి, మూత్రంలో మంట, కారణం లేని చిరాకు, గుండెదడ అని వచ్చినది. ఆమె మనస్సుకు మందు ఇవ్వమని అడిగినది. విచారించగా తెలిసినదేమంటే, తాను పనిచేసే చోట స్త్రీలకు తగిన మూత్రశాల లేనందున ఉదయం ఇల్లు వదిలినది మొదలు సాయంత్రం వరకు నీరు త్రాగుట మానివేసినది. ఆమెకు నేనిచ్చిన మొదటి చికిత్స నీరు, రెండవది పల్లేరు కాయల కషాయం. సహచరులైన స్త్రీ న్యాయవాదులందరూ కలిసి మూత్రశాల కొరకు అర్జీ పెట్టుకొమ్మని చెప్పుట మూడవది. మూడవ మందే అందరికీ పని చేసినది. మనోవ్యాధి అనుకున్న ప్రతిదీ మనస్సులోనే పుట్టదు.

లక్షణాలను గుర్తించండి

వాతం ప్రకోపించినవారిలో నిద్ర పట్టకపోవుట, పట్టినా అపరాత్రి మెలకువ, గుండెదడ, చేతుల వణుకు, మలబద్ధకం, "లిమిటేషన్ తేదీ దాటిపోయినదేమో" వంటి భయం మాటిమాటికీ తోచుట కనిపిస్తాయి. పిత్తం ప్రకోపించినవారిలో ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు, కన్నుల ఎరుపు, తలపోటు, బెంచి మీదివారి చిన్నమాటకే మనస్సు భగ్గుమనుట ఉంటాయి. కఫ, తమోగుణాలు పెరిగినవారు ఉదయం పడక వదలలేరు. ఫైలు ముట్టబుద్ధి కాదు. ఫోను మ్రోగినా ఎత్తరు. "రేపు చూద్దాం" అనుట అలవాటవుతుంది. ఇంతకు పూర్వం చురుకుగా ఉన్న మనిషిలో ఈ మూడవ మార్పు రెండు వారాలకు మించి కనిపిస్తే దానిని సోమరితనమని కొట్టివేయరాదు. అది విషాదం. ఆధునికులు డిప్రెషన్ అంటారు. దానికి వైద్యం అవసరం.

కోర్టు దినానికి తగిన దినచర్య

1. ఉదయం సూర్యోదయానికి ముందు లేచి, కాలకృత్యాలకు తొందర లేని సమయం కేటాయించవలెను. ఫోనును మొదటి అరగంట ముట్టరాదు.

2. నువ్వుల నూనెను గోరువెచ్చగా చేసి తలకు, చెవుల వెనుకకు, అరికాళ్ళకు మర్దించి, పావుగంట ఆగి స్నానం చేయవలెను. ప్రతిదినం వీలు కాకున్న వారానికి రెండుసార్లైనా చేయండి. పైత్య శరీరులు వేసవిలో నువ్వుల నూనెకు బదులు కొబ్బరినూనె వాడవచ్చును.

3. స్నానానంతరం 10 నిమిషాలు నాడీశోధన ప్రాణాయామం. కుంభకం అవసరం లేదు. ఊపిరి విడుచు కాలం పీల్చు కాలం కంటె ఎక్కువ ఉండవలెను. ఇదే అభ్యాసాన్ని కేసు పిలుపుకు ముందు బల్ల మీద కూర్చొనే ఆరేడు సార్లు చేయవచ్చును. ప్రక్కవానికి కూడా తెలియదు.

4. కోర్టు లేచే ముందొకసారి, భోజన విరామంలో ఒకసారి, అవసరం ఉన్నా లేకున్నా మూత్రవిసర్జనకు పోయి రావలెను. ఒక లీటరు నీటి సీసా కేసు కట్టతోపాటే బయలుదేరవలెను.

5. కర్నూలు ఎండలలో నల్లకోటు పైత్యానికి ఆహ్వానపత్రిక వంటిది. సుప్రీంకోర్టు, హైకోర్టులలో తప్ప వేసవికాలంలో నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నవి. ఆ మినహాయింపును వాడుకొనుటకు మొగమాటపడవలదు.

6. సాయంత్రం కోర్టు నుండి రాగానే కాళ్ళు, చేతులు, ముఖం కడుగుకొని, దుస్తులు మార్చుకొని, అరగంట మౌనంగానో, నడకలోనో గడిపి, ఆ తరువాతనే కక్షిదారులను చూడవలెను. కోటు విప్పినట్లే కేసును కూడ కాసేపు విప్పి కొక్కేనికి తగిలించుట నేర్చుకోవలెను.

7. రాత్రి భోజనం 8 గంటల లోపు. 10 తరువాత కక్షిదారుల ఫోన్లు తీసుకొనరాదు. అరెస్టు, బెయిలు వంటి అత్యవసరాలకు గుమస్తా ద్వారా కబురు వచ్చే ఏర్పాటు చేసుకొనండి.

వాదన తయారీకి ఒక రాత్రి మేల్కొనక తప్పనప్పుడు వాగ్భటాచార్యుడు చక్కని ఉపాయం చెప్పినాడు. ఎంతసేపు మేల్కొన్నారో అందులో సగం కాలం మరునాటి ఉదయం భోజనానికి ముందు నిద్రించవలెను. కోర్టు ఉన్న దినాన వీలుపడదు గనుక, తరువాత వచ్చే సెలవునాడైనా ఆ ఋణం తీర్చుకోవలెను. నిద్రకు పడిన బాకీకి కాలపరిమితి లేదు. అది వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

ఆహారం

దుఃఖంతో, భయంతో, క్రోధంతో, రాత్రి జాగరణతో ఉన్నవాడు పథ్యమైన అన్నాన్ని మితంగా తిన్నప్పటికీ అది జీర్ణం కాదని చరకం విమానస్థానంలో ఉన్నది. కావున ఏమి తిన్నామన్నదానితోపాటు ఏ మనస్సుతో తిన్నామన్నది కూడా ముఖ్యం. భోజన విరామంలో పది నిమిషాలైనా కేసు మాట లేకుండా తినవలెను.

మన ప్రాంతపు ఉగ్గాణి తేలికైన ఆహారం. దానిలో దోషం లేదు. దాని ప్రక్కన వచ్చే మిరపకాయ బజ్జీలు, వెంటవెంటనే త్రాగే టీలు పైత్యాన్ని రెచ్చగొడతాయి. ఛాతీలో మంట, చిరాకు ఉన్నవారు బజ్జీని వారానికి ఒకనాటికి పరిమితం చేయండి. టీ, కాఫీలు దినానికి రెండు చాలు. మధ్యాహ్నం మూడు తరువాత వద్దు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, కొర్రన్నం, పలుచని మజ్జిగ మధ్యాహ్న భోజనానికి శ్రేష్ఠం. వేసవిలో కుండనీటిలో వట్టివేర్లు వేసి త్రాగితే దాహం, తాపం రెండూ శమిస్తాయి. గుట్కా, జర్దా నమిలితే ఏకాగ్రత కుదురుతుందనుట భ్రాంతి. అది కుదిర్చేది నోటి పుండును మాత్రమే.

గృహ ఔషధాలు

చరకాచార్యుడు మేధ్య రసాయనాలుగా నాలుగింటిని చెప్పినాడు. అవి మండూకపర్ణి, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. వీటిలో ఇంటివద్ద వాడదగినవాటిని, వానితోపాటు మరికొన్నింటిని వ్రాస్తున్నాను.

సరస్వతి ఆకు (మండూకపర్ణి): తాజా ఆకులు 8 లేక 10 కడిగి, కొబ్బరితో కలిపి పచ్చడి చేసి అన్నంలో మొదటి ముద్దతో తినవలెను. లేదా ఆకురసం రెండు చెంచాలు ఉదయం పరగడుపున తీసుకోవలెను. వరుసగా ఆరు వారాలు వాడి, రెండు వారాలు మానవలెను. కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు వాడరాదు.

అతిమధురం: గొంతు బొంగురు పోయినప్పుడు చిన్న ముక్క బుగ్గన పెట్టుకొని రసం మ్రింగవలెను. చూర్ణం అరచెంచా పాలతో తీసుకొంటే పైత్యం, చిరాకు తగ్గుతాయి. రక్తపోటు, మూత్రపిండ వ్యాధి, కాళ్ళవాపు ఉన్నవారు దీనిని వాడరాదు. ఇతరులు కూడ నెలకు మించి వరుసగా వాడవలదు.

పెన్నేరు గడ్డ (అశ్వగంధ): వాత లక్షణాలు, అలసట, నిద్రలేమి ఉన్నవారు చూర్ణం అరచెంచా, ఒక గ్లాసు పాలలో కాచి రాత్రి త్రాగవలెను. గేదెపాలు నిద్రను కలిగిస్తాయని శాస్త్రం. జీర్ణశక్తి బాగున్నవారు అవే వాడవచ్చును. గర్భిణులు, థైరాయిడ్ వ్యాధికి మందులు వాడేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు మ్రింగేవారు వైద్యుని అడగనిదే వాడరాదు.

ధనియాల హిమం: ధనియాలు ఒక చెంచా నలుగగొట్టి, రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడకట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగవలెను. మంట, తాపం, కోపం ఉన్న పైత్య శరీరులకు ఇది చవకైన అమృతం. మధుమేహులు పటికబెల్లం లేకుండా త్రాగవలెను.

పాదాభ్యంగం: పడుకొనే ముందు అరికాళ్ళను నువ్వుల నూనెతోగాని, ఆవునేతితోగాని 10 నిమిషాలు మర్దించి, తుడుచుకొని నిద్రించవలెను. నా అనుభవంలో నిద్రలేమికి ఇంత సులభమైన, నిరపాయమైన చికిత్స మరొకటి లేదు. నడివయస్సు సివిలు న్యాయవాది ఒకరు మూడు గంటల మెలకువతో ఏడాది బాధపడినారు. ఆయనకు నేను చెప్పినవి మూడే. పాదాభ్యంగం, ఎనిమిదికి భోజనం, పడుకొనే ముందు మరునాటి వాయిదాలను, తేదీలను ఒక కాగితం మీద వ్రాసి గది బయట పెట్టుట. వ్రాసినదానిని మనస్సు మళ్ళీ మోయనవసరం లేదు. ఆరు వారాలకు వారంలో నాలుగైదు రాత్రులు నిండు నిద్ర వచ్చినది. పూర్తిగా నయమైనదని నేను చెప్పను. ఆ వృత్తిలో అది చాలు.

రెండు హెచ్చరికలు. రక్తపోటుకు, నిద్రకు మంచిదని విని సర్పగంధ (పాతాళగంధి) సొంతంగా వాడేవారు ఉన్నారు. దానికి రక్తపోటును తగ్గించే శక్తి నిజమే. కాని కుంగుబాటును తెచ్చే గుణం కూడా ఉన్నది. విషాదంలో ఉన్నవారికి అది విషతుల్యం. అట్లే కంచెలమీద కనిపించిన ప్రతి తీగను తిప్పతీగ అనుకొని నమలవలదు. దానిని పోలిన మరొక జాతి ఉన్నది. గుర్తెరిగినవారు కోసి ఇస్తేనే వాడవలెను.

ఋతుచర్య – కోర్టు సెలవులు

మన పూర్వులు చెప్పిన ఋతుచర్యకూ, కోర్టుల సెలవుల పట్టికకూ విచిత్రమైన పొత్తు ఉన్నది. పగటినిద్రను శాస్త్రం గ్రీష్మంలో అంగీకరిస్తుంది. కోర్టులకు సెలవులు ఇచ్చేది ఆ వేసవిలోనే. ఆ దినాలలో మధ్యాహ్నం నిద్ర, చలువ చేసే ద్రవాహారం, తేలికపాటి నడక చాలు. తీవ్రమైన శోధనలు వద్దు. దసరా సెలవులు శరదృతువులో వస్తాయి. పిత్తాన్ని వెడలించే విరేచన కర్మకు శాస్త్రం విధించిన కాలం అదే. పైత్య లక్షణాలు ఉన్న న్యాయవాదులు ఆ సెలవులలో యోగ్యుడైన వైద్యుని పర్యవేక్షణలో విరేచనం చేయించుకొంటే ఏడాదికి సరిపడు తేలిక కలుగుతుంది. సెలవులన్నిటినీ పాత ఫైళ్ళు సర్దుటకే వాడుకొనేవారు ఈ మేలును చేజేతులా వదులుకుంటున్నారు.

సత్త్వావజయం – మనస్సుకు మనస్సే మందు

చరకం చికిత్సను మూడు విధాలుగా విభజించినది. దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. అహితమైన విషయాల నుండి మనస్సును మరల్చి నిగ్రహించుట సత్త్వావజయం. మనోదోషాలు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి అను ఐదింటితో శమిస్తాయి. న్యాయవాదికి ఈ ఐదూ ఎట్లా అన్వయిస్తాయో చెప్పెదను.

జ్ఞానం అనగా తనను తాను ఎరుగుట. కేసు కక్షిదారునిది, వాదన మాత్రమే నాది, తీర్పు న్యాయమూర్తిది. ఈ సరిహద్దు గట్టు చెరిగిపోతే మనస్సులో తగాదా మొదలవుతుంది.

విజ్ఞానం అనగా వృత్తిలో నేర్పు. భయానికి మంచి విరుగుడు తయారీయే. కొత్త సెక్షన్లను దినానికి ఐదు చొప్పున చేత్తో వ్రాసి నేర్చుకొంటే మతిమరుపు భయం దానంతట అదే తొలగుతుంది.

ధైర్యం ఒక్కసారిగా రాదు. గాంధీ మహాత్ముడు బొంబాయిలోని స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసుకు 30 రూపాయలు ఫీజుగా తీసుకొని, సాక్షిని ప్రశ్నించుటకు లేచి, తల తిరిగి, నోట మాట రాక కూర్చుండిపోయినాడు. కేసు వేరొకరికి అప్పగించమని చెప్పి బయటపడినాడు. తన ఆత్మకథలో ఈ విషయం దాచలేదు. నోరు పెగలక ఇంటికి పోయి ఏడ్చే నేటి జూనియరు ఈ సంగతిని గుర్తుంచుకోవలెను.

స్మృతి అనగా చేసిన మేలును జ్ఞాపకముంచుకొనుట. ఓడిన కేసులే మనస్సులో మెదలుతాయి. రాజీ కుదిర్చి నిలబెట్టిన సంసారాలను, విడిపించిన పొలాలను ఎవరూ లెక్కవేసుకొనరు. అదే గాంధీ దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లా వ్యాజ్యాన్ని మధ్యవర్తిత్వానికి ఒప్పించి, ఓడినవాడు సొమ్మును వాయిదాల మీద చెల్లించేటట్లు ఏర్పాటు చేసి, విడిపోయినవారిని కలుపుటే వకీలు పని అని తెలుసుకొన్నాడు. లోక్ అదాలత్‌లో ఒక గట్టు తగాదా తెగిననాడు కక్షిదారుకే కాదు, న్యాయవాదికి కూడా నిద్ర పడుతుంది.

సమాధి అనగా మనస్సును ఒకచోట నిలుపుట. జపం, ధ్యానం, నమాజు, ప్రార్థన, సంగీతం, తోటపని – ఎవరి మార్గం వారిది. దినానికి 20 నిమిషాలు, ఫీజు రాని పని ఒకటి ఉండవలెను.

మద్యం గురించి ఒక మాట

సాయంత్రం ఒక గుక్క త్రాగితే నిద్ర వస్తుందని మొదలుపెట్టినవారిలో చాలామంది, కొన్నాళ్ళకు త్రాగకపోతే నిద్ర రాని స్థితికి చేరుకొంటారు. మద్యం తెచ్చే నిద్ర మొదటి జాములోనిది. అపరాత్రి మెలకువను అదే తెస్తుంది, కుంగుబాటును పెంచుతుంది. దీర్ఘకాలం ప్రతిదినం త్రాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చును. కావున ఆసుపత్రి సహాయంతోనే మానవలెను. మానదలచినవారు సారస్వతారిష్టం వంటి అరిష్టాలను కూడ వాడరాదు. వాటిలో సహజంగా పుట్టిన మద్యాంశం ఉన్నది.

ఇంటివారికి, బార్ అసోసియేషన్లకు

ఇంటివారు కేసు వివరాలు అడగనవసరం లేదు. "ఈ దినం తిన్నావా, నిద్రపోయావా" అని అడిగితే చాలు. సీనియర్లు జూనియరును పదిమందిలో కసరుకొనక, తప్పును చాంబరులో చెప్పవలెను. నెలనెలా ఎంతో కొంత భృతి నియతంగా ఇవ్వవలెను. బార్ అసోసియేషన్లు త్రాగునీరు, స్త్రీలకు మూత్రశాల, ఒక విశ్రాంతి గది సాధించుకొంటే అవి వంద మందుల పెట్టు. నెలకొక సాయంత్రం కేసు మాట లేకుండా సభ్యులందరు కూర్చొని మాట్లాడుకొనే ఏర్పాటు ఉండవలెను. నాలుగు వాయిదాలు వరుసగా రాని సహచరుని ఇంటికి ఒకరు వెళ్ళి చూడవలెను. దీనికి ఖర్చు లేదు.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

రెండు వారాలకు మించిన విషాదం, తిండి నిద్రలు పూర్తిగా తప్పుట, "నేను లేకపోతేనే మేలు" వంటి మాటలు, ఆస్తిపత్రాలు హఠాత్తుగా సర్దుట, అందరికీ వీడ్కోలు చెప్పినట్లు మాట్లాడుట – ఇవి కనిపిస్తే పైన వ్రాసిన చిట్కాలతో కాలయాపన చేయరాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలక, వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసుకొని పోవలెను. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నెంబరులో పగలు రాత్రి ఉచితంగా, తెలుగులోనే అందుతున్నది. మానసిక వైద్యుడు మందులు ఇస్తే వాటిని ఆయుర్వేదం పేరుతో మాన్పించుట నేరంతో సమానం. రెండింటినీ ఇద్దరు వైద్యులకూ తెలిపి వాడుకోవలెను.

న్యాయవాదులకు ఒక విషయం నేను చెప్పనవసరం లేదు, అయినా చెబుతున్నాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ప్రాణం తీసుకొనుటకు యత్నించినవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగానే భావించి, శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వవలెనని చెబుతున్నది. కక్షిదారు కొరకు ఎన్ని సెక్షన్లు వెదికి పట్టుకొంటారో, అంత శ్రద్ధతో తమ కొరకు ఈ ఒక్క సెక్షను వెనుకనున్న భావాన్ని గ్రహించండి. మనస్సుకు జబ్బు చేయుట నేరం కాదు, దానిని చెప్పుకొనుట నామోషీ కాదు.

న్యాయస్థానంలో ప్రతి కేసుకు వాయిదా ఉన్నది. ఆరోగ్యానికి మాత్రం వాయిదా వేయవలదని న్యాయవాద మిత్రులకు నా మనవి. ఈ రాత్రే అరికాళ్ళకు నూనె రాసుకొని, పెందలాడే పడుకొనండి. సర్వే జనాః సుఖినో భవంతు.